కార్డు తిరగబడితే జోస్యం కూడా తిరగబడుతుందా?

టారో, అంటే బొమ్మల కార్డులు పరిచి జోస్యం చెప్పే పద్ధతి. అది చదివేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది. తలకిందులుగా పడిన కార్డును, అంటే రివర్స్ కార్డును, లెక్కలోకి తీసుకోవాలా వద్దా? తీసుకోవాలనేవాళ్లు 78 కార్డులకు 156 అర్థాలు దొరుకుతాయని, రీడింగ్ లోతుగా వస్తుందని అంటారు. వద్దనేవాళ్లు ప్రతి కార్డులోనూ మంచీ చెడూ రెండూ ఉన్నాయని, మళ్లీ దాన్ని తిప్పి చూడటం దేనికని అంటారు. నాకు ఈ రెండు పక్షాలతోనూ పేచీ లేదు. నా పేచీ మూడో పక్షంతో. వీళ్లు కార్డు పడేదాకా ఏమీ అనరు. పడ్డాక, ఎదుటి మనిషి ముఖం చూశాక, అప్పుడు తేల్చుకుంటారు. ఈసారి రివర్స్ అంటే వ్యతిరేకం. ఇంకోసారి ఆలస్యం. మరోసారి "ఇదంతా మీ మనసులో జరుగుతోంది". నేను ఈ పక్షమే అని ఎవరూ చెప్పుకోరు. అయినా ఎక్కువ రీడింగులు నడిచేది ఇలాగే.

నేను కార్డులు చదువుతాను, రివర్సులతో సహా. కాబట్టి ఇది బయటినుంచి వేస్తున్న రాయి కాదు. రివర్స్‌కు మీరిచ్చే అర్థమేమిటో కార్డు తీయకముందే చెప్పగలిగితే దాన్ని చదవండి. చెప్పలేకపోతే కార్డులన్నీ నిటారుగా సర్దుకుని చదవండి, పోయేదేమీ లేదు. భవిష్యత్తు చెబుతామంటే మాత్రం షరతు ఇంకా గట్టిగా ఉండాలి. దాని సంగతి తర్వాత.

అసలు కార్డు ఎలా తలకిందులవుతుంది? దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కొత్త డెక్ (కార్డుల కట్ట) విప్పితే కార్డుల తలలన్నీ ఒకే వైపు ఉంటాయి. చేతిలో పట్టుకుని పైవి కిందికి, కిందివి పైకి ఎంతసేపు కలిపినా వరుస మారుతుందే తప్ప ఒక్క కార్డు కూడా తలకిందులవదు. అవ్వాలంటే కట్టను రెండు చేసి, ఒక సగాన్ని తల ఇటు నుంచి అటు వచ్చేలా తిప్పి కలపాలి. లేదంటే కార్డులన్నీ బల్ల మీద పోసి రెండు చేతులతో గుండ్రంగా కలియబెట్టాలి. రివర్సులు వస్తాయా రావా, వస్తే ఎన్ని వస్తాయి అన్నది చాలావరకు రీడర్ కలిపే పద్ధతిని బట్టే ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. బోర్లా ఉన్న కార్డును ఎడమ అంచు పట్టుకుని కుడివైపుకు తిప్పండి. తల ఎటు ఉందో అటే ఉంటుంది. అదే కార్డును కింది అంచు పట్టుకుని పైకి లేపి తిరగేయండి. నిటారుగా ఉన్నది తలకిందులవుతుంది, తలకిందులుగా ఉన్నది నిటారవుతుంది. చేతిలో కట్ట ఉంటే ఇప్పుడే చేసి చూడండి, అర నిమిషం పని. రెండు కార్డులు పక్కకు తిప్పి మూడోదాన్ని కిందినుంచి పైకి తిప్పే రీడర్లు ఉన్నారు. కూర్చున్న తీరో, బల్ల మీద చోటు చాలకో అలా చేస్తారు, వాళ్లకే తెలియదు. ఆ మణికట్టు తిప్పిన తీరును బట్టి ఒక మనిషి పెళ్లి ముందుకో వెనక్కో జరుగుతుంది! ఇక నాకు నిటారుగా ఉన్న కార్డు ఎదురుగా కూర్చున్నవారికి తలకిందులే కదా. నా వైపు నుంచి చూడాలా, వాళ్ల వైపు నుంచా? రెండు అలవాట్లూ ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదు కానీ, మొదలుపెట్టకముందే అనుకోవాలి.

ఇంత చెప్పానని రివర్స్ అంతా ఉత్తిదే అంటున్నానని కాదు. కార్డు ఎలా పడితే అలా పడనివ్వడమే టారోలో మొదటి మెట్టు. ఏ కార్డు వస్తుందన్నది మన చేతిలో లేనప్పుడు, ఎటు తిరిగి వస్తుందన్నదీ మన చేతిలో లేకుండా చేసుకోవచ్చు. కాకపోతే టాస్ వేసి, నాణెం కింద పడ్డాక బొమ్మ ఎవరిదో బొరుసు ఎవరిదో తేల్చుకోం కదా. టారోలో జరుగుతున్నది అదే.

రివర్సులు ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అని కొందరు కొట్టిపారేస్తారు. అది తప్పు. టారో కార్డులు 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టాయి, అదీ ఆడుకోవడానికి. వాటిలో ఈజిప్టు రహస్యాలున్నాయని 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాన్ రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో. అయినా ఆ కథే నిలిచిపోయింది, ఇప్పటికీ చెబుతున్నారు. అంతకు ముందే, 1770లో, పారిస్‌లో ఒకాయన మామూలు పేక ముక్కలతో జోస్యం చెప్పడం గురించి పుస్తకం వేశాడు. అసలు పేరు అలియెట్. ఆ అక్షరాలను వెనకనుంచి ముందుకు రాసుకుని ఎటెయ్యా అయ్యాడు. ఆ పుస్తకంలోనే ప్రతి ముక్కకూ నిటారు అర్థం ఒకటి, తలకిందుల అర్థం ఒకటి ఉన్నాయి. తర్వాత జోస్యం కోసమే తయారుచేసిన తన టారో డెక్‌లో కార్డుకు పైనొక మాట, కిందొక మాట అచ్చు వేయించాడు. కార్డు ఎటు తిరిగితే ఆ మాట చదువుకోవడమే. తన పేరునే తిప్పి రాసుకున్న మనిషి కార్డులు తిప్పి చదవడంలో వింతేముంది గానీ, ఆయన్ను ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. అర్థం ముందే అచ్చయి ఉంది. కార్డు పడ్డాక రీడర్ మాట మార్చే వీలు లేదు.

ఆ తర్వాత సంగతి ఇంత శుభ్రంగా లేదు. ఇవాళ ఎక్కువమంది వాడేది 1909లో లండన్‌లో రైడర్ సంస్థ వేసిన డెక్, లేదా దాన్ని చూసి గీసినవి. బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్, గీయించి వివరణ రాసింది ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. రివర్స్ అర్థాల జాబితాలు చాలావాటికి మూలం వెయిట్ రాతలే. వాటిని వరసగా చదివితే తల తిరుగుతుంది. ది సన్ రివర్స్ అయితే అదే సంతోషం, కాస్త తక్కువ మోతాదులో అంటాడు. బాగుంది, రివర్స్ అంటే తగ్గడం అనుకుంటాం. ఫోర్ ఆఫ్ వాండ్స్ (పేకలో రంగుల్లాగే టారోలో వాండ్స్, కప్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్ అని నాలుగు జట్లు) దగ్గరికి వచ్చేసరికి, తిప్పినా అర్థం మారదు అంటాడు. ఏస్ ఆఫ్ స్వోర్డ్స్ దగ్గర అర్థం అదేనట, ఫలితం మాత్రం సర్వనాశనమట. టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో వీపులో పది కత్తులు దిగి బోర్లా పడి ఉన్న మనిషి తలకిందులైతే లాభం, విజయం. అవీ నిలవవట. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ నిటారుగా ఉన్నా అదృష్టమే, తిరిగితే సమృద్ధి. సెవెన్ ఆఫ్ కప్స్ నిటారుగా ఉంటే పగటి కలలు, తిరిగితే పట్టుదల.

తగ్గడం, మారకపోవడం, చెడిపోవడం, బాగుపడటం. నాలుగు దిక్కులూ వచ్చేశాయి. ఇందులో సూత్రం ఏమీ లేదు. అంతకుముందు చలామణిలో ఉన్న రకరకాల అర్థాలను ఆయన ఒకచోట చేర్చాడు, అంతే. టవర్ కార్డు రివర్స్ దగ్గరైతే "ఒక కథనం ప్రకారం" అని తనే అంటాడు. ఆ జాబితాను బట్టీ పట్టి, రివర్స్ అంటే ఇదీ అని వాదించేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. ఏ జాబితానైనా బట్టీ పట్టొచ్చు, తప్పు లేదు. కానీ అది బట్టీ పట్టిన జాబితా అని ఒప్పుకోవాలి, లోపలి తర్కం ఉందని చెప్పకూడదు.

రివర్సులే వద్దన్న సంప్రదాయాలూ ఉన్నాయి. ఇంగ్లండ్ మంత్రవిద్యల రచయిత అలీస్టర్ క్రౌలీ, చిత్రకారిణి ఫ్రీడా హారిస్ కలిసి చేసిన థోత్ డెక్ వాడేవాళ్లలో చాలామంది కార్డును తిప్పి చదవరు. ఒక్కో జట్టుకు నిప్పు, నీరు, గాలి, భూమిలో ఒకటి ఉందనుకుని, పక్కనున్న కార్డు ఏమిటో చూస్తారు. నిప్పు పక్కన నీరు పడితే రెండూ బలహీనపడతాయి, నిప్పు పక్కన గాలి పడితే బలపడతాయి. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి డెక్‌లో కొన్ని నాణేల కార్డులను తిప్పినా దాదాపు ఒకేలా ఉంటాయి, తలకిందులో కాదో ఎలా తెలుస్తుంది?

వేర్వేరు సూత్రాలు ఉండటం వల్ల నష్టమేమిటి అనొచ్చు. ఒక రీడింగ్ పరిచి చూద్దాం. ప్రశ్న, "ఈ ఉద్యోగం వదిలేసి వేరేది చూసుకోవాలా?" మూడు కార్డులు. మొదటిది ఎయిట్ ఆఫ్ కప్స్. పేర్చిన ఎనిమిది కప్పులను వెనక వదిలేసి, చేతికర్ర పట్టుకుని కొండల వైపు నడిచిపోతున్న మనిషి, పైన చంద్రుడు. చివరిది ఏస్ ఆఫ్ పెంటకిల్స్. మబ్బులోంచి ఒక చెయ్యి, అరచేతిలో పెద్ద నాణెం, కింద తోట. రెండూ నిటారుగానే వచ్చాయి. మధ్యలో టూ ఆఫ్ స్వోర్డ్స్, రివర్స్. కళ్లకు గంతలు కట్టుకుని, రెండు కత్తులను గుండెల మీద అడ్డంగా పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న ఆడమనిషి. నిటారుగా ఉంటే ఇవాళ్టి రీడర్లు చాలామంది ఎటూ తేల్చుకోలేకపోవడం అంటారు.

ఇప్పుడు దాన్ని తిప్పి చదవాలి. రివర్స్ అంటే వ్యతిరేకం అనుకునే రీడర్, "గంతలు ఊడిపోయాయి, మీరు మనసులో ఎప్పుడో తేల్చేసుకున్నారు" అంటారు. రివర్స్ అంటే అడ్డంకి అనుకునేవారు, "తేల్చుకోవాలనే ఉంది మీకు, ఏదో పట్టి ఆపుతోంది, ఇప్పట్లో తెమలదు" అంటారు. రివర్స్ అంటే తగ్గుముఖం అనుకునేవారు, "సందేహం ఉంది కానీ పలచబడుతోంది, కొన్నాళ్లలో తేలిపోతుంది" అంటారు. వెయిట్‌ను అడిగితే ఇవేవీ కాదు, మోసం, నమ్మకద్రోహం అంటాడు. అడిగిన మనిషి రేపే రాజీనామా చేయొచ్చు, ఏడాది తర్వాత చేయొచ్చు, అక్కడే రిటైర్ కావొచ్చు, ఆఫీసులో ఎవరి చేతనో మోసపోవచ్చు. ఏది జరిగినా సరిపోయే జవాబు సిద్ధంగా ఉంది. ఒక్కో రీడర్ ఒక్కో సూత్రానికి కట్టుబడితే ఇబ్బంది లేదు, వాళ్లలో ముగ్గురు తప్పని తేలుతుంది. నాలుగూ ఒకే రీడర్ జేబులో ఉన్నప్పుడే చిక్కు.

పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టుంటుంది ఆ రీడింగ్.

లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంది. 78 కార్డుల్లోంచి మూడు వరసగా తీస్తే 4,56,456 రకాలుగా రావచ్చు. రివర్సులు కూడా కలిపితే 36,51,648. ఎనిమిది రెట్లు. అందుకే రివర్సులతో రీడింగ్ ఎనిమిది రెట్లు లోతుగా ఉంటుందని మురిసిపోతుంటారు. కానీ తిరిగిన కార్డుకు స్థిరమైన అర్థం ఉన్నప్పుడే ఆ లెక్కకు విలువ. లేనప్పుడు రీడర్‌కు చెప్పడానికి మాటలు పెరుగుతాయి గానీ, వినేవారికి తెలిసేది పెరగదు.

కెల్టిక్ క్రాస్ అనే పది కార్డుల అమరిక పరిచినప్పుడు సగం తలకిందులుగా కనిపిస్తే కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. "అయిదు రివర్సులా! ఏదో గట్టిగా అడ్డుపడుతోంది" అనే రీడర్లూ తక్కువేం లేరు. కార్డులు బాగా కలిస్తే ఒక్కో కార్డు తిరిగి రావడానికి సగానికి సగం అవకాశం. పదింట్లో నాలుగు నుంచి ఆరు రివర్సులు రావడం మూడింట రెండుసార్లు జరిగేదే. ఏడు, ఆపైన రావడం కూడా దాదాపు ఆరుసార్లకు ఒకసారి. నిజంగా నోరెళ్లబెట్టాల్సింది ఒక్కటీ తిరగకుండా వచ్చినప్పుడు. అది 1024 సార్లకు ఒకసారి. అదే పనిగా అలాగే వస్తుంటే మీరు కార్డులు కలపడం లేదన్నమాట.

నా సూత్రం ఏమిటని అడుగుతారు. కార్డు చెప్పే విషయం అదే, కానీ దానికి అడ్డు పడుతోంది. ఇదొక్కటే. కూర్చోగానే ఎదుటివారికి చెప్పేస్తాను. ఇది కొన్ని కార్డుల దగ్గర నన్ను ఇబ్బంది పెడుతుంది, అందుకే నాకు నచ్చింది. టెన్ ఆఫ్ స్వోర్డ్స్ తిరిగితే వెయిట్ చెప్పిన లాభం వైపు వెళ్లలేను. ముగిసిపోవాల్సింది ముగియకుండా ఈడుస్తోంది అనాలి. హ్యాంగ్డ్ మ్యాన్ సంగతి మరీ తమాషా. నిటారుగా ఉన్నప్పుడు తలకిందులుగా వేలాడేది అతనొక్కడే, తిప్పితే ఒంటికాలి మీద హాయిగా నిలబడతాడు. బొమ్మ చూస్తే మేలైన కార్డులా ఉంటుంది. నా సూత్రం ప్రకారం మాత్రం ఆగాల్సినచోట ఆగలేకపోతున్న మనిషి. బొమ్మ ఒకటి అంటే సూత్రం ఇంకొకటి అంటుంది, అలాంటప్పుడు సూత్రం మాటే వింటాను.

ఇక్కడ తప్పకుండా వచ్చే అభ్యంతరం ఇంట్యూషన్. సూత్రాలు పెట్టుకుంటే లోపలి గొంతు వినపడదంటారు. నాకూ ఆ గొంతు వినిపిస్తుంది. కాకపోతే అది ఎక్కడినుంచి వస్తోందో కాస్త చూసుకుంటాను. ఎదుటివారు "ఉద్యోగం" అన్నప్పుడు గొంతులో వచ్చిన విసుగు, ఏస్ కార్డు చూడగానే ముందుకు వంగడం, ఫోన్ వైపు పదేపదే చూడటం, ఇవన్నీ ఆ గొంతులో కలిసి ఉన్నాయి. వాళ్లు ఇచ్చిందే వాళ్లకు తిరిగి ఇచ్చి, కార్డు చెప్పింది అంటున్నాం. మూడు కార్డుల్లో దేని దగ్గర ఎక్కువసేపు ఆగాలో ఇంట్యూషన్ చెప్పనివ్వండి. కార్డు అవునంటోందా కాదంటోందా అన్నది దాని చేతికి ఇవ్వొద్దు.

వినేవారి వైపు నుంచి జరిగేది ఇంకా బలమైనది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ వారి వ్యక్తిత్వ వివరణ అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. "మీరు బయటికి ధైర్యంగా కనిపిస్తారు, లోపల మాత్రం బెంగపడతారు" లాంటి మాట ఎవరికి సరిపోదు? రివర్స్ కార్డు సరిగ్గా ఈ అచ్చులోకి ఒదుగుతుంది. నిటారుది బయటికి, తలకిందులుది లోపలికి. "కరెక్ట్‌గా చెప్పారండీ!" అని రీడింగ్ అయ్యాక అన్నారంటే వాళ్లకు నచ్చిందని అర్థం. నిజమైందని కాదు.

అందుకే జోస్యానికి గట్టి షరతు కావాలన్నాను. ఏం జరుగుతుంది, ఎప్పటిలోగా, ఏం జరిగితే నేను తప్పు. ఈ మూడూ రీడింగ్ రోజునే కాగితం మీద పెట్టగలిగితే అది జోస్యం. "మంచి అవకాశం వస్తుంది, కాస్త ఆలస్యం కావచ్చు" అన్నది జోస్యం కాదు, గోడ మీద పిల్లి. ఆ ఆలస్యం అన్న ముక్క చాలాసార్లు రివర్స్ కార్డు పుణ్యమే. నిటారు కార్డులతో "అవుతుంది" అన్నవాళ్లు అది కాకపోతే, "ఆ ఆరో కార్డు రివర్స్ వచ్చింది గుర్తుందా" అంటారు. తలకిందులు కార్డును ముందుచూపు కోసం వాడినవాళ్లకంటే తర్వాత తప్పించుకోవడానికి వాడినవాళ్లే ఎక్కువ.

సమయం చెప్పే పద్ధతులు మరీ అన్యాయం. వాండ్స్ అంటే రోజులని ఒకరు, వారాలని ఇంకొకరు, వాండ్స్ వసంతమని ఒకరు, కాదు వేసవి అని మరొకరు. పైన రివర్స్ అయితే ఆలస్యం. త్రీ ఆఫ్ వాండ్స్ రివర్స్ వస్తే మూడు రోజులు కూడా కావచ్చు, వచ్చే ఏడాది వేసవి కూడా కావచ్చు. ఎప్పుడు అన్న ప్రశ్నకు నేను కార్డు తీయను. జబ్బు తగ్గుతుందా, కేసు గెలుస్తామా అన్నవాటికీ తీయను. వాటికి డాక్టరు, లాయరు ఉన్నారు. కార్డు మాట విని ఒక పరీక్ష వాయిదా వేసుకుంటే దానికి జవాబుదారీ ఎవరు?

అయినా అడుగుతారు.

"వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి చాలు."

"అది నేను చెప్పలేనండీ."

"పోనీ ఇంకో కార్డు తీయండి, ఆ రివర్స్‌ది క్లియర్ అవుతుందేమో."

తీయను. రెండోది కూడా తిరిగే వస్తే మూడోది అడుగుతారు. నిటారుగా వస్తే అక్కడ ఆపేస్తారు. తమకు కావాల్సింది వచ్చినచోట ఆగే మనిషికి ఎన్ని కార్డులు తీసినా ఆఖరి జవాబు ఒకటే కదా.

"మరి కార్డులు దేనికండీ ఇంక?"

ఇది న్యాయమైన ప్రశ్న. ఎయిట్ ఆఫ్ కప్స్ చూపించి, ఆ మనిషి వదిలేసి వెళ్తున్న కప్పుల్లో మీకు ఏవి ముఖ్యం అని అడిగితే చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెబుతారు. జీతం అనుకుని వచ్చినవారు పక్క సీటులోని స్నేహితుడి గురించి మాట్లాడతారు. మధ్యలోని కార్డు తిరిగి ఉంటే, తేల్చుకోకుండా ఆపుతున్నది ఏమిటి అని అడుగుతాను. నిటారుగా ఉంటే, రెండు కత్తులూ ఏవేవి అని అడుగుతాను. రెండూ వేర్వేరు ప్రశ్నలు, అందుకే రివర్స్ ఉంచుకున్నాను. జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది, వచ్చే నెల ఏమవుతుందో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

ఇది చాలక, తేదీతో సహా చెప్పే మరో రీడర్ దగ్గరికి వెళ్లేవాళ్లుంటారు. వద్దని చెప్పను. తేదీ చెప్పినప్పుడే రాసుకోండి, అప్పటికి జరగకపోతే ఏమంటారో ఆ రోజే అడగండి, పరిచిన కార్డుల ఫోటో కూడా తీసుకోండి అని మాత్రం చెబుతాను. ఏ కార్డు ఎటు తిరిగి ఉందో నెల తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.